తొలిమెట్టు

సంగీతాన్ని ఇష్టపడని మనిషి అరుదు. ఏదో ఒక వాద్యాన్ని చేతికి తీసుకొని నేర్చుకోవాలని ఎప్పుడో ఒకప్పుడు అనుకోని యువకులు, యువతులు కూడా అరుదే. అయితే అనుకున్నవారిలో మొదలుపెట్టేవారు కొందరు. మొదలుపెట్టినవారిలో నిలిచేవారు మరీ కొందరు. ఎందుకు మానివేశారని అడిగితే ఎక్కువమంది చెప్పే సమాధానం ఒక్కటే: తమకు ఆ ప్రతిభ లేదని. వినడానికి ఇది వినయంగా ఉంటుంది కాని పూర్తిగా నిజం కాదు. వాద్యాన్ని విడిచిపెట్టినవారిలో అధికులకు కొరవడినది తొలినాళ్ల అపస్వరాన్ని భరించే ఓర్పు. ఆ ఓర్పు చాలకపోవడానికి బాధ్యత వారిది మాత్రమే కాదు. వారి చుట్టూ ఉన్న ఇంటికి, విద్యాలయానికి, ఊరికి కూడా అందులో భాగం ఉంది.

ప్రతి వాద్యమూ తన దగ్గరికి వచ్చిన కొత్తవారికి ఒక పరీక్ష పెడుతుంది. వేణువు మొదటి రోజుల్లో అసలు పలకదు. ఊదిన గాలి అంతా వృథా అవుతుంది. తల తిరిగినట్లు ఉంటుంది. వయొలిన్ పలుకుతుంది కాని ఆ పలుకు కీచుమంటుంది. దానికి మెట్లు ఉండవు కనుక స్వరస్థానం ఎక్కడ ఉన్నదో చెవి చెప్పాలి, వేలు వెతుక్కోవాలి. వీణకు ఇరవై నాలుగు మెట్లు ఉన్నప్పటికీ తీగ వేలికొసను కోస్తుంది. చర్మం గట్టిపడేవరకు ఆ నొప్పి తప్పదు. మృదంగం మణికట్టును అలసటకు గురిచేస్తుంది. డప్పులో రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేయాలి. ఒకటి కుదిరితే మరొకటి తప్పిపోతుంది. హార్మోనియం మెట్టు నొక్కగానే స్వరం వస్తుంది కాని, ఒక చేత్తో గాలి కొడుతూ మరొక చేత్తో లయ తప్పకుండా వాయించడం అంత తేలిక కాదు.

ఈ దశలో విద్యార్థిని బాధించేది వేళ్ల నొప్పి కంటె చెవికి కలిగే నొప్పి. తాను వాయిస్తున్నది బాగా లేదని అందరికంటె ముందు అతనికే తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? జోలపాట మొదలుకొని బతుకమ్మ పాటల వరకు, భజనల నుండి సినిమా పాటల వరకు ఆ చెవి ఎన్నో ఏండ్లుగా వింటూనే ఉన్నది. చెవికి పదహారేండ్ల అనుభవం ఉన్నది. చేతికి పదహారు రోజుల అనుభవం కూడా లేదు. చెవి ముందు నడుస్తుంటే చేయి వెనుక నడుస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే అపస్వరంగా వినిపిస్తుంది. తన తప్పు తనకు వినిపించడం అనర్హతకు గుర్తు అని చాలామంది పొరబడతారు. నిజానికి అదే అర్హతకు మొదటి గుర్తు. తప్పును పట్టుకోలేని చెవికి ఒప్పు కూడా అందదు.

తెలుగువారికి ఈ విషయం కొత్త కాదు. సాధన వల్ల పనులు నెరవేరుతాయని చెప్పిన వేమన పద్యం ప్రాథమిక తరగతులలోనే అందరి నోటికి వస్తుంది. ఆ పద్యం అనగానే అందరికీ వేపచెట్టు గుర్తుకు వస్తుంది. కాని వేమన అక్కడ వేపాకు కంటె ముందు చెప్పిన ఉదాహరణ రాగం. సాధనకు తొలి దృష్టాంతంగా ఆ కవికి సంగీతమే తోచింది. పద్యాన్ని కంఠస్థం చేసి, అందులోని మొదటి మాటను మరచిపోవడం విద్యావ్యవస్థలో ఏర్పడిన ఒక విచిత్రమైన లోటు.

పూర్వులు సాధన చేయమని చెప్పి ఊరకుండలేదు. దానికి ఒక క్రమాన్ని కూడా ఏర్పరచారు. కర్ణాటక సంగీత పితామహుడుగా పేరుగాంచిన పురందరదాసు (1484–1564) రూపొందించినట్లు చెప్పే పాఠక్రమం నేటికీ నడుస్తున్నది. ముందుగా సరళి వరుసలు, తరువాత జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారాలు, ఆపైన గీతాలు. ఇవన్నీ దాటిన తరువాతనే వర్ణాలు, కీర్తనలు. తొలి పాఠాలకు మాయామాళవగౌళ రాగాన్ని ఎన్నుకోవడంలో ఒక సౌలభ్యం ఉన్నది. అందులో షడ్జమం నుండి మధ్యమం వరకు స్వరాల మధ్య ఉన్న దూరాలే పంచమం నుండి పైషడ్జమం వరకు మళ్లీ కనిపిస్తాయి. మొదటి సగంలో వేలు నేర్చుకున్న నడక రెండవ సగంలో కూడా పనికివస్తుంది. కొత్తగా నేర్చుకునేవారి కష్టాన్ని సగానికి తగ్గించిన ఏర్పాటు ఇది. నేర్చుకునేవారి మీద దయ ఉన్నవారికే ఇటువంటి ఆలోచన వస్తుంది.

ఆ క్రమంలో మరొక మర్మం ఉన్నది. ఒకే వరుసను మూడు కాలాలలో వాయించాలి. రెండవ కాలం మొదటిదానికి రెట్టింపు వేగం, మూడవది నాలుగు రెట్లు. విద్యార్థులకు సహజంగానే మూడవ కాలం మీద మోజు ఉంటుంది. వేగంగా వాయిస్తే విద్య వచ్చినట్లు అనిపిస్తుంది. కాని ఓర్పుకు అసలైన పరీక్ష మొదటి కాలమే. మెల్లగా వాయించినప్పుడు స్వరానికి, స్వరానికి నడుమ ఉన్న ప్రతి లోపం బయటపడుతుంది. దాచుకోవడానికి చోటు దొరకదు. వేగం తప్పులను కప్పుతుంది, నిదానం విప్పిచెబుతుంది. తొందరపడి మూడవ కాలానికి పరుగెత్తినవారు ఆ తప్పులను తమ చేతులకు శాశ్వతంగా అలవాటు చేసుకుంటారు. వాటిని మానడానికి తిరిగి నేర్చుకునే కాలం కంటె ఎక్కువ కాలం పడుతుంది.

అలవాటుకు ఉన్న బలాన్ని తెలిపే కథ మహాభారతం ఆదిపర్వంలో ఉన్నది. ఒకనాటి రాత్రి అర్జునుడు భోజనం చేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. చీకటిలో కూడా అతని చేయి తప్పకుండా నోటికి చేరింది. అలవాటుపడిన చేతికి వెలుతురు అక్కరలేదని గ్రహించిన అర్జునుడు ఆనాటి నుండి చీకటిలో విలువిద్య అభ్యసించాడు. వింటినారి ధ్వని విని ద్రోణుడు అతణ్ణి మెచ్చుకున్నాడు. వాద్యసాధన లక్ష్యం కూడా ఇదే. స్వరం ఎక్కడున్నదని ఆలోచించి వెతికే వేలు, ఆలోచన లేకుండానే దాన్ని చేరే స్థితికి రావాలి. అప్పుడే మనస్సుకు తీరిక చిక్కుతుంది; ఆ తీరికలో భావం పుడుతుంది. అంతవరకు జరిగేదంతా చీకటిలో చేయి నోటిని వెతుక్కోవడమే.

ప్రతిభను గురించిన అపోహకు ఆధారంగా చాలామంది ద్వారం వెంకటస్వామినాయుడు జీవితంలోని ఒక ఘట్టాన్ని చెబుతుంటారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. దానికి ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్లిన నాయుడుగారి వయొలిన్ విని, నారాయణదాసు ఆయనను అధ్యాపకునిగా నియమించారని ప్రసిద్ధి. వినగానే ఇది అద్భుతం అనిపిస్తుంది. కాని 1893లో పుట్టిన నాయుడుగారికి అప్పటికి ఇరవై ఆరేండ్లు. చిన్ననాట అన్నగారి వద్ద మొదలైన అభ్యాసం ఎన్నో సంవత్సరాలు ఇంటిలో సాగింది. ఆ ఏండ్లలో కమాను ఎన్నిసార్లు తప్పుగా పడిందో, ఎన్ని సాయంకాలాలు ఒకే వరుస వాయించారో ఏ కథా చెప్పదు. లోకం నియామకపు రోజును గుర్తు పెట్టుకున్నది. దాని వెనుక ఉన్న వేల దినాలను మరచిపోయింది.

ఇతర దేశాల విద్వాంసుల జీవితాలు కూడా ఇదే విషయాన్ని చెబుతాయి. స్పెయిన్ దేశపు చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌కు 1890లో, పదమూడేండ్ల వయస్సులో, బార్సిలోనా నగరంలోని ఒక పాత సంగీత గ్రంథాల దుకాణంలో బాఖ్ రచించిన చెల్లో స్వరావళులు దొరికాయి. వాటిని ఆయన పన్నెండేండ్లు సాధన చేసిన తరువాత కాని సభలో వాయించలేదు. పన్నెండేండ్లు ఎవరి చప్పట్లూ లేకుండా గడిచాయి. నేర్చుకోవడానికి, ప్రదర్శించడానికి నడుమ ఇంత ఎడం ఉండవచ్చునని నేటి విద్యార్థి ఊహించలేడు. మూడవ నెలలోనే వార్షికోత్సవ వేదిక, ఆరవ నెలలో పోటీ, బహుమతి! బహుమతి రానివారు తమకు విద్య రాదనే నిర్ణయానికి వస్తారు. సాధనకు ఏకాంతం ఎంత అవసరమో ఈ తొందరలో ఎవరికీ గుర్తుండదు.

ఈ దృష్టితో చూస్తే పల్లెల్లోని పాత పద్ధతిలో గొప్ప వివేకం కనిపిస్తుంది. ఒకనాటి వరంగల్లు జిల్లాలో భాగమై, 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో మహబూబాబాదు జిల్లాలో చేరిన మరిపెడను ఉదాహరణగా తీసుకోవచ్చు. వరంగల్లు నుండి ఖమ్మం పోయే దారిలో ఉన్న ఈ మండల కేంద్రం చుట్టూ పల్లెలు, లంబాడి తండాలు ఉన్నాయి. డప్పు, భజన మృదంగం, హార్మోనియం, తండాలలో నగారా, కంచు పళ్లెం ఇటువంటి పల్లెసీమకు పరిచితమైన వాద్యాలు. వీటిని నేర్చుకునేవారికి ప్రవేశపత్రం ఉండదు. పిల్లలు ముందుగా వింటారు. తరువాత భజన బృందంలో ఒక మూల కూర్చొని తాళం పట్టుకుంటారు. తాళం నిలకడగా వస్తే మృదంగం వారి చేతికి అందుతుంది. పెద్దల వాద్యఘోషలో చిన్నవారి తప్పు కలిసిపోతుంది. ఎవరూ వేలెత్తి చూపరు. రేపు మళ్లీ రమ్మంటారు. తప్పు చేయడానికి ఒక చోటు, దాన్ని దిద్దుకోవడానికి కొంత కాలం, రెండింటినీ పల్లె తన పిల్లలకు ఉచితంగా ఇచ్చింది.

జపాను దేశపు వయొలిన్ గురువు షినిచి సుజుకి (1898–1998) పసిపిల్లలు మాతృభాషను నేర్చుకునే తీరును పరిశీలించి, అదే తీరున వాద్యాన్ని నేర్పవచ్చునని ప్రపంచానికి చాటారు. ఎక్కువగా వినడం, చిన్న చిన్న భాగాలను మళ్లీ మళ్లీ వాయించడం, ఇంటివారి ప్రోత్సాహం దానికి మూలసూత్రాలు. పసిబిడ్డ ముద్దుమాటలు విని ఏ తల్లీ నవ్వి నోరు మూయించదు. ఆ తప్పుల్లో నుండే భాష వస్తుందని ఆమెకు తెలుసు. భజన బృందంలో మూల కూర్చున్న పిల్లవానికి దక్కేది కూడా ఆ తల్లి చూపే సహనమే.

అయితే పల్లె ఔదార్యం అన్ని వాద్యాల మీద సమానంగా ప్రసరించలేదన్న సత్యాన్ని దాచకూడదు. డప్పును వాయించేవారి కులాన్ని బట్టి ఆ వాద్యాన్నే తక్కువగా చూసిన కాలం చాలా దీర్ఘమైనది. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద డప్పు ముందు వరుసలో నిలిచింది. ఐనప్పటికీ వీణ నేర్చుకోవడం విద్య అని, డప్పు నేర్చుకోవడం విద్య కాదని భావించేవారు ఇంకా ఉన్నారు. డప్పు చేత పట్టినవారికి అందులోని విద్య వెంటనే తెలుస్తుంది. తోలును మంట వద్ద కాచి శ్రుతిని రాబట్టాలి. ఒక చేత లావుపాటి సిర్ర, మరొక చేత సన్నని పుల్ల పట్టుకొని రెండింటి బరువు, కోణం, కాలం కుదుర్చుకోవాలి. పండుగకు ఒక దరువు, ఊరేగింపుకు ఒక దరువు, అంతిమయాత్రకు ఇంకొకటి. రాసి పెట్టుకోని ఇంత జ్ఞానం చెవి నుండి చేతికి, తండ్రి నుండి కొడుకుకు వచ్చింది. సరళి వరుసలకు ఎంత గౌరవం ఉన్నదో ఒక దరువును కుదుర్చుకోవడానికి పడే శ్రమకు కూడా అంతే గౌరవం దక్కాలి.

గౌరవం ఆలస్యంగా అందితే జరిగే నష్టం ఎటువంటిదో కిన్నెర చెబుతుంది. వెదురు, సొరబుర్రలు, తేనెమైనంతో తయారయ్యే ఈ తంత్రీవాద్యం తెలంగాణలో ఒకప్పుడు వీరగాథలకు తోడుగా ఊరూరా తిరిగింది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరను వాయించి పేరు పొందారు. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.  పురస్కారం కళాకారుని గౌరవిస్తుంది. వాద్యాన్ని బతికించేది మాత్రం శిష్యుడు. పన్నెండు మెట్ల మీద తడబడుతూ మొదటి వేలు పెట్టే ఒక కొత్త విద్యార్థి, ఎన్ని అపస్వరాలు పలికించినా సరే, ఆ వాద్యానికి ఎంతో అవసరం. అతణ్ణి చూసి నవ్వి పంపివేసే సమాజం తనకు తెలియకుండానే ఒక వాద్యాన్ని మూగదాన్ని చేస్తుంది.

ఆదిపర్వంలోనే అర్జునునితో పాటు మరొక అభ్యాసి కూడా ఉన్నాడు. నిషాద కుమారుడైన ఏకలవ్యునికి గురువు వాకిలి మూసుకుపోయింది. అతడు మట్టితో గురువు ప్రతిమను చేసుకొని సాధన చేశాడు. ఏకలవ్యుని దీక్షను పొగడడం అందరికీ అలవాటే. అతనికి వాకిలి ఎందుకు మూసుకుపోయిందో, విద్య వచ్చిన తరువాత బొటనవేలు ఎందుకు పోయిందో ఆలోచించేవారు తక్కువ. నేడు మారుమూల తండాలోని విద్యార్థికి మట్టి ప్రతిమ స్థానంలో చరవాణి ఉన్నది. అందులో మహావిద్వాంసుల వాదనాన్ని ఎన్నిసార్లైనా వినవచ్చు; ఇది పూర్వులకు లేని భాగ్యం. కాని ఆ తెర విద్యార్థి మణికట్టు వంకరను చూడదు, వేలిని పట్టుకొని దిద్దదు. పైగా తెర మీద కనిపించేది పండిన విద్య మాత్రమే. దాని వెనుక ఉన్న కీచుధ్వనుల సంవత్సరాలు అందులో కనిపించవు. అందువల్ల చూసేవారిలో ఉత్సాహంతో పాటు నిస్పృహ కూడా కలుగుతుంది. దారి చూపే గురువు అవసరం ఎన్నటికీ తీరిపోదు.

ఉమ్మడి వరంగల్లు ప్రాంతానికి సంగీతం పరాయిది కాదు. 1213లో నిర్మితమైన రామప్ప దేవాలయపు శిల్పాలలో వాద్యకారులు ఉన్నారు. పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో రాగాల పేర్లను, వీణల భేదాలను వివరంగా పేర్కొన్నాడు. నేడు వరంగల్లులో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. కాని మరిపెడ వంటి చోట జూనియర్ కళాశాలలో చదివే విద్యార్థి ప్రతి సాయంత్రం అంత దూరం పోయి రాలేడు. అతనికి గురువు దగ్గరలోనే దొరకాలి. ఊరిలోని డప్పు కళాకారుణ్ణి, భజన మృదంగం వాయించే పెద్దమనిషిని, తండాలో నగారా తెలిసిన తాతను వారానికి ఒక గంట కళాశాలకు ఆహ్వానించడానికి పెద్ద ధనం అక్కరలేదు. వారు గురువులని అంగీకరించే మనస్సు చాలు.

ఇంటర్మీడియట్ రెండేండ్లు భవిష్యత్తును నిర్ణయించేవని, ఈ కాలంలో వాద్యం పట్టుకుంటే చదువు దెబ్బతింటుందని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అర్థం లేనిది కాదు. కూలి చేసి చదివిస్తున్న తల్లికి మార్కుల మీద ఉన్న ఆశను చులకన చేయరాదు. కాని వాద్యసాధన కోరేది రోజుకు అరగంట. ఆదివారం మూడు గంటలు వాయించి వారమంతా మానడం కంటె నిత్యం అరగంట వాయించడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఆ అరగంటలో విద్యార్థి నేర్చుకునేది సంగీతం ఒక్కటే కాదు. రాని పనిని రోజూ చేస్తూ, దాన్ని చూసి సిగ్గుపడకుండా ఉండడం కూడా నేర్చుకుంటాడు. ఒక లెక్క రాకపోతే పుస్తకం మూసివేసేవానికి, ఒక పరీక్ష తప్పితే జీవితమే ముగిసిందని కుంగిపోయేవానికి లేనిది ఈ గుణమే. నిన్నటి తప్పు నేడు కొంత తగ్గిందని చెవితో స్వయంగా విన్నవాడు ఓటమిని అంత త్వరగా నమ్మడు.

కావున వాద్యం నేర్చుకోదలచిన విద్యార్థులు తొలి ఏడాది తమను తాము గొప్ప విద్వాంసులతో పోల్చుకోకుండా, నిన్నటి తమతో మాత్రమే పోల్చుకోవాలి. ఒకే వేళ, ఒకే చోట, మొదటి కాలంలో, శ్రుతి సరిచూసుకొని వాయించాలి. ఇంటివారు ఆ అరగంట కీచుధ్వనిని ఓర్చుకోవాలి. కళాశాల ఒక గదిని, ఒక గంటను కేటాయించి, తొలి ఏడాదివారిని వేదిక మీదికి లాగకుండా ఉండాలి. ఊరు తన వాద్యకారులను గురువులుగా గుర్తించాలి. ఇవన్నీ అసాధ్యమైన కోరికలు కావు.

వీణకు, కిన్నెరకు, హార్మోనియానికి మెట్లు ఉన్నట్లే విద్యకు కూడా మెట్లు ఉన్నాయి. పై మెట్ల మీద నిలిచినవారిని లోకం ఎలాగూ చూస్తుంది. తొలిమెట్టు మీద తడబడేవారిని ఓపికతో వినగలిగే ఊరిలోనే రేపటి సంగీతం పుడుతుంది.